ఎడమ వెనక చక్రం

లీలామహల్ సర్కిల్ బంకులో
మీటరు సున్నా చూపించేదాకా
పైపు పెట్టనియ్యను. అదొక జబ్బు నాకు.
"సున్నాను కాదు బావా, సున్నా అయ్యేదాన్ని చూడు"
అని ధనకోటి నా జేబు తట్టి నవ్వేవాడు.

కారొకటే. తోలేది ఇద్దరం.
పగులు నాది, రాత్రి వాడిది.
డ్యాష్‌బోర్డు అరలో నోటుబుక్కు,
రబ్బరు బ్యాండు కింద పెన్సిలు ముక్క.
ఎడమ పేజీ నాది, కుడి పేజీ వాడిది,
ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు.

పొదుపంతా వాడి దగ్గర నేర్చుకున్నదే.
అలిపిరి మెట్ల మీద ముసలవ్వ పాదం మోపినట్టు
యాక్సిలరేటరు తొక్కాలంటాడు,
మెట్టుకొక గోవింద.
దూరంగా లారీ ఎర్రదీపం కనబడంగానే కాలు తీసెయ్,
బ్రేకు కొట్టినప్పుడల్లా
దుడ్లిచ్చి కొన్నది రోడ్డు మీద పారబోసినట్టే.
టైర్లు చల్లంగా ఉన్నప్పుడే, తెల్లారుజామున, గాలి చూపించు.
కొండ దిగేటప్పుడు గేరు తీస్తే మిగుల్తుందనేవాళ్లు
ఇంకా బతికుంటే అది స్వామి దయ,
వాళ్ల తెలివి కాదు.

గంగజాతర వారంలో లెక్క తిరగబడింది.
పద్దెనిమిది ఇచ్చే బండి
నా పేజీలో పద్నాలుగున్నర,
వాడి పేజీలో పద్నాలుగు.
నాది తగ్గిందంటే ఎండ, ఏసీ, వేషాలేసుకున్న జనం.
రాత్రిపూట రేణిగుంట రోడ్డు ఖాళీ గదా,
వాడిదెందుకు తగ్గాల?
ఆ అర కిలోమీటరు మీదే పడింది నా కన్ను.

నోరు తెరిచి అడగలేదు.
అడిగుంటే తిట్టుకోనుందుము, తిని పడుకోనుందుము.
తాళాలిచ్చే ముందు
పెట్రోలు ముల్లును ఫోన్లో ఫొటో తీస్తి.
వాడు చూసినాడు.
ముల్లును కాదు, నన్ను.

మర్నాడు తాళాలు టీ అంగట్లో ఉన్నాయి.
గ్లాసు కింద పెట్టిపోయినాడు,
గాలికి ఎగిరిపోయేవన్నట్టు.

ఇరవై రోజులకి, పూతలపట్టు దాటినాక,
కాణిపాకం పోతావున్న పెద్దామె
"ఏందో కాల్తా ఉంది నాయనా" అనింది.
దిగి ఒక్కో చక్రం మీద చెయ్యి పెట్టి చూస్తి.
మూడు గోరువెచ్చన.
ఎడమ వెనకది దోసె పెనం.

చిత్తూర్లో మస్తాను జాకీ ఎత్తి
చేత్తో తిప్పబోయినాడు. తిరగలా.
"బ్రేకు పట్టేసిందన్నా, నెల పైమాటే.
నువ్వు ముందుకు తోల్తాంటే
ఇది వెనక్కి లాగతా ఉండాది.
లీటరుకు నాలుగు కిలోమీటర్లు దీని కడుపులోకే పోయినాయి."

రెండు గంటల పని, ఎనిమిదొందలు.
అంత చిన్నది.

"డిక్కీలో బరువు కూడా దించెయ్యన్నా" అన్నాడు.
దించినాను.
ఎవరో మర్చిపోయిన అరవ అక్షరాల గొడుగు,
పగలని రెండు టెంకాయలు, నీళ్ల క్యాను,
తెగిన టో తాడు.
అడుగున ధనకోటి పానాల సంచి.
దాన్ని చేతిలో ఊపి చూసి మస్తాను,
"ఆరు కిలోలుంటుంది,
నెలకు డెబ్బై రూపాయల పెట్రోలు తాగుతుందిది" అన్నాడు.

ఫోను చేస్తే ఎత్తడు.
చంద్రగిరి దిక్కు పాలవ్యాను తోల్తా ఉండాడంట.
ఒకసారి ఎదురొచ్చినాడు,
హారన్ కొట్టినాను,
వాడు కాలు తీసి నిదానించినాడు గానీ
అది నా కోసమో, ముందర గతుకు కోసమో.

బండిప్పుడు పద్దెనిమిదికి పైనే ఇస్తా ఉంది.
ఒకటో తేదీ నోటుబుక్కు తెరిచి
ఖర్చు కింద మొదట రాసేది ఇదే:
ధనకోటి సంచి, డెబ్బై.

కుడి పేజీలన్నీ తెల్లంగా ఉన్నాయి.
రాత్రిళ్లు బండి వాకిట్లోనే నిలబడి ఉంటుంది.
ఒక్క చుక్క ఖర్చు లేదు.